ఎర్ర డ్రాయరులో పచ్చ సెల్లులు

మంగళవారం పొద్దున పదకొండుంబావుకు తాండూరు బస్టాండు వెనక సందులో, తన బ్యాటరీల దుకాణంలో, జబీన్ ఒకాయనకు రెండు ఎర్ర సెల్లులు అమ్మింది. పైన తొడుగు మాత్రమే ఎర్రదని, లోపలున్నవి వేరని ఆమెకు తెలిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అప్పటికి ఆయన రైలెక్కి వెళ్లిపోయాడు.

ఆ దుకాణంలో ఎరుపు, పచ్చ అందం కోసం పెట్టుకున్న రంగులు కావు. ల్యాప్‌టాప్‌ల పాత బ్యాటరీలు, డ్రిల్లు మిషన్ల పాత బ్యాటరీలు హైదరాబాదు నుంచి గోనె సంచుల్లో వస్తాయి. వాటిని విప్పితే లోపల బొటనవేలంత లావు, చూపుడువేలంత పొడుగు ఉన్న సెల్లులుంటాయి. చచ్చినవి పక్కన పడేసి, బతికున్నవాటికి పాత తొడుగు కోసేసి కొత్త ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. ల్యాప్‌టాప్‌లోంచి వచ్చినవి నెమ్మదివి. కరెంటు కొంచెం కొంచెంగా, చాలాసేపు ఇస్తాయి. టార్చికి, రేడియోకు అవి చాలు. వాటికి పచ్చ తొడుగు. డ్రిల్లులోంచి వచ్చినవి ఒక్కసారే గట్టిగా ఇచ్చినా తట్టుకుంటాయి. వాటికి ఎర్ర తొడుగు. పచ్చదాన్ని తీసుకెళ్లి ఎర్రదాని పనికి పెడితే వేడెక్కుతుంది. ఇంకా గుంజితే పొగ, ఆ తర్వాత మంట.

ఈ రంగుల పద్ధతి జబీన్ తండ్రి తాజ్ మొహమ్మద్ పెట్టింది. ఆయన ఒకప్పటి రేడియో మెకానిక్. సెల్లు మీద అచ్చేసిన అంకెలను ఆయన నమ్మడు. ఎవరైనా ఆన్‌లైన్‌లో కొన్న సెల్లు తెచ్చి, దాని మీద రాసిన పెద్ద అంకె చూపించి మురిసిపోతుంటే, దాన్ని పక్క బంగారం కొట్టు తరాజులో పెట్టిస్తాడు. సరైన సెల్లు నలభై అయిదు గ్రాములకు అటూ ఇటూ తూగాలి. అది ముప్ఫై దగ్గర ఆగితే, "అంకె మస్తు రాసిండు, లోపల మాల్ పెట్టుడు మర్చిపోయిండు" అని చేతిలో పెట్టి పంపిస్తాడు. రెండేళ్ల కింద ఆయన కళ్లకు శుక్లాలు కమ్మాయి. ఒక కన్ను ఆపరేషన్ అయింది, రెండోది కాలేదు. అప్పటి నుంచి మీటరు జబీన్ చేతిలోనే ఉంది. ఆమెకు నలభై ఒకటి. భర్త అజహరుద్దీన్ నాపరాళ్ల లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండడు. దుకాణం నడిచేది ఆమె మీదే.

పొద్దున వచ్చినాయనకు ముప్ఫై అయిదేళ్లుంటాయి. మెడలో హెడ్‌ఫోను, భుజానికి వైర్ల సంచి. వచ్చీరాగానే గడియారం చూసుకున్నాడు.

"అక్కా, రెండు సెల్లులు గావాలె. గట్టివి. ఎర్రవి."

"దేనికి తమ్మీ?"

"టార్చికి."

"టార్చికైతె పచ్చవి చాలు."

"కాదక్కా, ఎర్రవే ఇయ్యి. పదిహేను ఆంపియర్లకు ఆగాలె."

జబీన్ ఆయన ముఖం చూసింది. నిజంగా టార్చికే కొనేవాళ్లు ఎన్ని గంటలు వెలుగుతుందని అడుగుతారు. ఎన్ని ఆంపియర్లని ఇరవై ఏళ్లలో వాళ్లు ఒక్కరూ అడగలేదు. పైగా ఆయన దగ్గర మామిడిపండు వాసన వస్తోంది. అది నవంబరు నెల. తాండూరు బజారులో మామిడిపండు ఎక్కడుంది?

ఆమెకు అర్థమైంది. ఎలక్ట్రానిక్ సిగరెట్టు. పొగకు బదులు పండ్ల వాసన ఆవిరి పీల్చే డబ్బా. దేశంలో దాని అమ్మకం నిషేధం కాబట్టి ఎవరూ దాని పేరు నోటితో అనరు. అందరూ టార్చి అనే అంటారు. నెలకు ఒకరిద్దరు వస్తూనే ఉంటారు. అడగొద్దు, చెప్పొద్దు అనేది తాజ్ మొహమ్మద్ పెట్టిన ఇంకో పద్ధతి. జబీన్ ఎర్ర డ్రాయరులోంచి రెండు తీసి, వోల్టేజి చూసి ఇచ్చేసింది. మామూలుగా అయితే రెండో మీటరు కూడా పెట్టేది. సెల్లు లోపల కరెంటుకు ఎంత అడ్డు ఉందో చూపే మీటరు అది. ఆ అంకె ఎంత తక్కువైతే సెల్లు అంత గట్టిది. కానీ ఆయన అప్పటికే పైసలు బల్ల మీద పెట్టి, "వికారాబాద్ బండి పోతదక్కా" అంటూ రెండు మెట్లు దిగాడు. చొక్కా వీపు మీద తెల్లటి అక్షరాలు కనిపించాయి. వందన సౌండ్స్, వికారాబాద్. కింద ఏదో నంబరు.

ఒంటిగంటకు వడ్రంగి మొగులప్ప డ్రిల్లు బ్యాటరీ పట్టుకొచ్చాడు. అయిదు సెల్లులు మార్చాలి. జబీన్ ఎర్ర డ్రాయరులోంచి ఒకటి తీసి రెండో మీటరుకు పెట్టింది. తొంభై చూపింది. ఎర్రదానికి ఇరవై, మహా అయితే ఇరవై అయిదు ఉండాలి. మీటరు ముల్లు సరిగా తగల్లేదేమో అనుకుని మళ్లీ పెట్టింది. తొంభై. ఇంకోటి తీసింది. ఎనభై ఎనిమిది.

సెల్లు తిప్పి అడుగు చూసింది. తొడుగు అంచున నీలం మరక, వేలితో తుడిచేసినట్టు.

ఆదివారం పచ్చ తొడుగు అయిపోయింది. ల్యాప్‌టాప్ సెల్లులు పన్నెండు మిగిలితే, ఎందుకు ఆపడమని ఆమే ఎర్ర తొడుగు వేసింది. గుర్తు కోసం స్కెచ్ పెన్నుతో అడుగున నీలం చుక్క పెట్టి, పచ్చ డ్రాయరులోనే వేసింది.

"అబ్బా, పచ్చ డ్రాయర్ల ఎర్రవి కొన్ని ఉండె. చూసినవా?" అని తండ్రిని అడిగింది.

తాజ్ మొహమ్మద్ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఛాయ్ ఊదుకుంటున్నాడు. "చూసిన. నిన్న గుడ్డతోని తుడిచి ఎర్రవాట్ల ఏసిన. ఎర్రవి పచ్చవాట్ల ఉంటే ఎట్ల బేటీ? నేను చూడకుంటే అంతా కల్తీ అయితుండె."

జబీన్ డ్రాయరంతా బల్ల మీద పోసి ఒక్కొక్కటి మీటరుకు పెట్టింది. మొగులప్ప నిలబడి చూస్తున్నాడు. ఎనభై దాటినవి పది తేలాయి. ఆమె తొడిగినవి పన్నెండు.

"నా డ్రిల్లు సంగతేంది?" అన్నాడు మొగులప్ప.

"ఇయ్యాల కాదు మొగులప్పా."

"రేపు గృహప్రవేశం. ఇంటోళ్లు తలుపులు లేకుంటనే పండుకోవాల్నా?"

"ఒక్క రాత్రి పండుకుంటె ఏం కాదు."

ఆమె ఎడమ అరచేతిలో రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. ఎనిమిదేళ్ల కింద తొడుగు చిరిగిన సెల్లు ఒకటి, తాళంచెవులతో పాటు, కుర్తా జేబులో వేసుకుంది. చెవి సెల్లు రెండు కొసలనూ కలిపింది. జేబులోంచి బయటికి లాగడానికి పట్టింది రెండే సెకన్లు, చర్మం మాత్రం సెల్లుకు అంటుకుపోయింది. అది పచ్చ సెల్లే. అప్పుడు అది చేతిలో ఉంది. పొద్దున కొన్నాయన దాన్ని పెదవుల దగ్గర పెట్టుకుంటాడు.

ఫోనులో వెతికితే వందన సౌండ్స్ నంబరు దొరికింది. ఆడమనిషి ఎత్తింది.

"వినయ్ గారి ఇంటామె వందననే, చెప్పండ్రి. పెండ్లా, బారసాలనా?"

"కాదమ్మా, తాండూర్ కెల్లి మాట్లాడుతున్న. పొద్దున ఆయన మా దగ్గర సెల్లులు కొన్నడు. తప్పువి ఇచ్చిన. వాటిని వాడొద్దని చెప్పాలె."

"దేని సెల్లులు?"

జబీన్ ఒక క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం గురించి ఆమె తర్వాత రైల్లో చాలాసేపు ఆలోచించింది.

"టార్చివి," అంది.

"మాకు టార్చి లేదు కదక్కా," అంది ఆమె నవ్వుతూ. "సరే, చెప్త. ఇప్పుడైతె ఫోను ఎత్తడు. అనంతగిరి దారిల ఫంక్షన్ హాలుల బాక్సులు పెడుతున్నడు. చెవికాడ బాంబు పేలినా ఇనపడదు."

మామూలుగా అయితే నవ్వొచ్చే మాటే. జబీన్ అరచెయ్యి నొక్కుకుంది. డ్రాయరులో నిజమైన ఎర్రవి రెండు ఏరి మీటరు పెట్టింది. పంతొమ్మిది, ఇరవై. వాటిని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుంది. ఒక స్టీలు టిఫిను గిన్నె తీసుకుంది. ఎర్ర డ్రాయరుకు తాళం వేసి చెవి తండ్రి చేతిలో పెట్టింది.

"ఎవరొచ్చినా తియ్యకు అబ్బా."

"నా దుకాణంల నాకే తాళమా?"

"చెవి నీ దగ్గరనే ఉన్నది కదా."

రెండుంబావు బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నిసార్లు నడిచిందో ఆమెకే తెలియదు. పెట్టెలో కూర్చోడానికి చోటు దొరికినా కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి కందిచేలు చూస్తూ, లోపల లెక్క వేసుకుంటూనే ఉంది. పదకొండున్నరకు రైలెక్కి ఉంటాడు. రైల్లో బయటికి తీయడు, నలుగురూ చూస్తారు. పన్నెండున్నరకు దిగుతాడు. దిగగానే స్టేషను వెనక సందులోకి పోయి సెల్లు మార్చి పీలుస్తాడా? లేక పాతదానిలో ఇంకా చార్జి ఉంటుందా? పాతది బాగుంటే కొత్తవి ఎందుకు కొంటాడు? కొన్న సెల్లు సగమే చార్జి ఉంది. చార్జికి పెడితే రెండు గంటలు. అంటే ఇప్పుడు. లేదా ఇంకో గంటకు. రెండో సెల్లు ఎక్కడ పెట్టుకున్నాడు? డబ్బా ఇవ్వలేదు తను. ప్లాస్టిక్ కవరైనా ఇవ్వలేదు. ప్యాంటు జేబులో, బండి తాళంచెవితో.

మళ్లీ ఫోన్ చేయొచ్చు. చేసి నిజం చెప్పొచ్చు. భార్యకు తెలియకుండా దాచుకున్న మనిషి కాపురంలో తనకేం పని? వికారాబాద్‌లో దొరకని సెల్లులా ఇవి? అక్కడ కొంటే ఎవరో ఒకరు ఇంట్లో చెప్తారనే గంట రైలు ప్రయాణం చేసి తాండూరు వచ్చాడు. ఆ నమ్మకం మీదే వస్తారు అందరూ. ఒకరి సంగతి బయటపెట్టిన దుకాణానికి రెండోవాడు రాడు.

ధారూర్‌లో బండి ఆగింది. ఒక నిమిషం ఆగాల్సింది అయిదు నిమిషాలైనా కదల్లేదు. ఎవరో దిగి సిగ్నల్ వైపు చూసి మళ్లీ ఎక్కారు. శనగలమ్మే ఆమె పెట్టెలోకి వచ్చి, అటు నుంచి ఇటు ఒకసారి తిరిగి దిగిపోయింది. బండి కదల్లేదు. ఏడో నిమిషంలో జబీన్ ఫోన్ తీసింది.

"అమ్మా, ఇంతకుముందు మాట్లాడిన. తాండూర్ జబీన్‌ను. నేను నీకు అబద్ధం చెప్పిన. అది టార్చికి కాదు. మీ ఆయన ఎలక్ట్రానిక్ సిగరెట్టు తాగుతడు. దానికి నేనిచ్చిన సెల్లు చానా బలహీనమైనది. అది దాన్ల వేడెక్కి పేల్తది."

అటు నుంచి మిక్సీ తిరిగే చప్పుడు, అది ఆగడం వినిపించింది.

"సిగరెట్లు ఇడిసిపెట్టి ఏడు నెలలాయె అన్నడు," అంది వందన చివరికి. "మొక్కు కూడ తీర్చిన."

"సిగరెట్లు ఇడిసిపెట్టిండు. అది అబద్ధం కాదు."

"నువ్వు ఏడున్నవక్కా?"

"ధారూర్‌ల. బండి ఆగింది."

"నేను పోతె అది ఎట్ల తియ్యాల్నో తెల్వదు. ఫంక్షన్ హాలోళ్ల నంబరు ఉన్నది, చేసుకుంటనే ఉంట. స్టేషన్ బయట స్కూటీ మీదుంట. దిగంగనే ఉరుకు."

బండి కదిలింది. ఇరవై నిమిషాల తర్వాత జబీన్ స్కూటీ వెనక కూర్చుని ఉంది. వందన సన్నగా, పొడుగ్గా ఉంది. నైటీ మీద స్వెటరు తొడుక్కుని వచ్చేసింది. ఫంక్షన్ హాలు ఫోను ఎవరూ ఎత్తలేదట. స్కూటీ ఊరు దాటి కొండ దారి ఎక్కింది.

"ఏం వాసన వస్తదక్కా దానికి?" అంది వందన మలుపు దగ్గర.

"మామిడిపండు."

"షాంపూ అన్నడు." స్కూటీకి గేర్లు లేకపోయినా ఆమె దాన్ని ఎత్తు మీద గట్టిగానే లాగించింది. "ఏడు నెలలు మామిడిపండు షాంపూ. నేనెంత పిచ్చిదాన్ని. రెండు సీసాలు కొనిచ్చిన కూడ."

హాలు గేటు దగ్గరికి వచ్చేసరికే బాక్సుల చప్పుడు గుండెల మీద పడుతోంది. వినయ్ స్టేజీ పక్కన, నల్ల గుడ్డ కట్టిన బల్ల వెనక, ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని మీటలు తిప్పుతున్నాడు. మనిషి బాగానే ఉన్నాడు. అతను ముందు భార్యను చూశాడు. తర్వాత ఆమె వెనక వస్తున్న మనిషిని చూశాడు. చప్పుడు ఆగిపోయింది.

"ఇదేంది, ఇద్దరు ఒక్కసారే?"

"తమ్మీ, పొద్దున ఇచ్చిన సెల్లులు ఏడున్నయ్?" అంది జబీన్.

"ఏ సెల్లులు? ఆ టార్చివా? ఇంట్ల పెట్టిన."

"ఇంటికెల్లే వస్తున్న," అంది వందన.

"బండి డిక్కీల ఉండొచ్చు."

"వినయ్." ఆమె చెయ్యి చాపింది. "చెప్పింది నాకు. తియ్యి."

అతను జబీన్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం కన్నా ఎక్కువగా, దుకాణంలో నమ్మకంగా కొన్న మనిషి నిరాశ ఉంది. జబీన్ తల దించుకోలేదు. "తిట్టాల్నంటే తర్వాత తిట్టు తమ్మీ. ముందు తియ్యి."

అతను నల్ల గుడ్డ కింద చెయ్యి పెట్టి సబ్బుపెట్టె అంత డబ్బా తీశాడు. తీసి వెంటనే ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"వేడుందా?" అంది జబీన్.

"జర. గంట సంది గట్లనే ఉన్నది. కొత్త సెల్లు కదా, జోర్దార్ పని చేస్తుందనుకున్న."

ఆమె చున్నీ కొస చేతికి చుట్టుకుని డబ్బా లాక్కుంది. జర కాదు. అడుగు మూత జరిపి సెల్లును వంచితే సగం వచ్చి ఆగింది. తొడుగు మెత్తబడి లోపలి గోడకు అంటుకుంది. పక్కన నిప్పు ఆర్పడానికి ఇసుక బకెట్లు వరసగా వేలాడుతున్నాయి. ఒకదాని మీద డబ్బాను బోర్లించి రెండుసార్లు గట్టిగా కొట్టింది. సెల్లు ఇసుకలో పడింది. పిడికిళ్లతో ఇసుక కప్పి, బకెట్టు తీసుకెళ్లి బయట ఖాళీ జాగాలో పెట్టి వచ్చింది.

"రెండోది?"

అతను జీన్స్ జేబులోంచి పిడికిలి తీసి విప్పాడు. బండి తాళంచెవి, రెండు నాణేలు, మడిచిన రైలు టికెట్టు, వాటి మధ్యలో ఎర్ర సెల్లు. తొడుగు మీద చెవి గీరిన గీత ఉంది. ఇంకా తెగలేదు. జబీన్ దాన్ని రెండు వేళ్లతో తీసి టిఫిను గిన్నెలో, రుమాలులో చుట్టి పెట్టింది. అప్పుడు తన ఎడమ చెయ్యి విప్పి అతని ముందు పెట్టింది. అతను మచ్చను చూశాడు.

"సెల్లు, తాళంచెవి ఒక్క జేబుల పెడతరా ఎవరన్నా?" అంది ఆమె. "తప్పు సెల్లు ఇచ్చింది నేను. నా తప్పు నేను ఒప్పుకుంట. కని గిది నీ తప్పు."

"ఇవి టార్చి సెల్లులని చెప్పకపోతివి," అన్నాడు అతను వందనతో కాదు, జబీన్‌తో కాదు, బల్లతో అన్నట్టు. పొద్దున తనే టార్చికని అడిగానని గుర్తొచ్చి మాట మింగేశాడు.

వందన ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అక్కా, ఈ డబ్బా నువ్వు తీసుకపో."

"నాకెందుకమ్మా. దుకాణంల దొరికితే నా మీదికి వస్తది."

"మరి మంచి సెల్లులు తేలేదా?" అన్నాడు వినయ్ గొంతు తగ్గించి.

భార్య అతని వైపు చూసిన చూపుకు, తోరణాలు కడుతున్న ఇద్దరు పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

"తెచ్చిన," అంది జబీన్. "ఇయ్యాల్నా వద్దా అని రైల్ల అంత సేపూ అనుకున్న."

"ఇయ్యకు," అంది వందన.

"ఇయ్యకుంటె ఆన్‌లైన్ల తెప్పించుకుంట," అన్నాడు వినయ్.

అదీ నిజమే. ముప్ఫై గ్రాముల సెల్లు ఇంటికే వస్తుంది, ఎర్రగానో పచ్చగానో నీలంగానో, మీద ఏ అంకె కావాలంటే ఆ అంకె అచ్చేసుకుని. జబీన్ ప్లాస్టిక్ డబ్బా తీసి వందన ఒళ్లో పెట్టింది.

"ఇవి డ్రిల్లు సెల్లులు. మీటరు పెట్టే తెచ్చిన. నీ దగ్గర పెట్టుకో. ఇస్తవో, మూసీల ఏస్తవో మీరు మీరు తేల్చుకోండ్రి. ఇస్తె మాత్రం ఈ డబ్బాలనే ఇయ్యి. తొడుగు జర చిరిగినా వాడొద్దు."

వందన డబ్బా మూత తీసి చూసి, మళ్లీ మూసింది. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. వినయ్ చాలాసేపు ఆ డబ్బా వైపే చూశాడు. తర్వాత హెడ్‌ఫోను మెడకు వేసుకుని వైర్లు చుట్టసాగాడు.

గంటకు ఇసుకలోని సెల్లు చేత్తో పట్టుకునేంత చల్లబడింది. జబీన్ దాన్ని కూడా టిఫిను గిన్నెలో పెట్టుకుంది. వందన జబీన్‌ను స్టేషనులో దించింది. దిగేటప్పుడు, "నేను కొన్న షాంపూ రెండు సీసాలు అట్లనే ఉన్నయక్కా," అని ఒక మాట అని స్కూటీ తిప్పుకుంది.

తిరుగు రైల్లో కూర్చోడానికి చోటు దొరికింది. జబీన్ కూర్చుంది గానీ టిఫిను గిన్నె ఒళ్లో పెట్టుకోలేదు. కాళ్ల ముందు నేల మీద పెట్టుకుని, ప్రతి స్టేషనులోనూ వంగి పైన చెయ్యి ఆనించి చూసుకుంది. ఎదుటి సీటు ముసలామె, "అంత మంచి కూర ఏం వండినవ్ బిడ్డా?" అని అడిగింది.

దుకాణం చేరేసరికి ఏడయింది. తాజ్ మొహమ్మద్ తాళంచెవి పిడికిట్లోనే పట్టుకుని కూర్చున్నాడు.

"దొరికిండా?"

"దొరికిండు."

"నేను ఎర్రవి ఎర్ర డ్రాయర్ల పెట్టిన. నా తప్పేంది చెప్పు."

"నీ తప్పు లేదు అబ్బా. పచ్చవాటికి ఎర్ర తొడుగు ఏసింది నేను."

"చుక్క చూసిన. మరకనుకున్న," అన్నాడాయన. తర్వాత లేచి బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు, బాగున్న కన్ను మీటరు వైపు ఉండేటట్టు.

జబీన్ బ్లేడు తీసుకుని పన్నెండు సెల్లుల ఎర్ర తొడుగు ఒక్కొక్కటే కోసి తీసేసింది. ఒక్కొక్కటీ మీటరుకు పెట్టి అంకె పైకి చదివింది. తొంభై. ఎనభై ఎనిమిది. ఎనభై నాలుగు. తొంభై మూడు. పదకొండోది జీన్స్ జేబులోంచి వచ్చింది, ఎనభై తొమ్మిది. పన్నెండోది ఇసుకలోంచి తీసింది. దాని తొడుగు బ్లేడుకు రాలేదు, గోటితో గీకాల్సి వచ్చింది.

"ఎంత?" అన్నాడు తాజ్ మొహమ్మద్.

"నూట అరవై ఒకటి."